ముందు చివరి ఇంటికి

2024 సెప్టెంబరు 2, సోమవారం పొద్దున విజయవాడ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర మేం తీసుకెళ్లిన మూడొందల పులిహోర పొట్లాలు పావుగంటలో అయిపోయాయి. గవర్నరుపేటలో ఒక స్నేహితుడి ఇంటి డాబా మీద తెల్లవారుజామున పొయ్యి వెలిగించాం. పులిహోర అయితే సాయంత్రం దాకా పాడవదని అదే చేశాం. ట్రాలీ ఆటోలో పెట్టుకుని వెళ్తే ఫ్లైఓవర్ దిగే చోటే నీళ్లు ఎదురయ్యాయి. అక్కడి నుంచి ఆటో పోదు. నడుం లోతు నీళ్లలో నడిచి వచ్చినవాళ్లు చేతులు చాపారు, మేం పెట్టాం. ఖాళీ గంగాళాలతో వెనక్కి వస్తుంటే మాలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం పెట్టాం, ఇందులో ఆలోచించడానికి ఏముంది అనుకున్నాం.

మధ్యాహ్నం పిన్ని ఫోన్ కలిసింది. ఆదివారం నుంచి ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ వస్తోంది. పిన్ని వాళ్లది పాయకాపురంలో ఒక లోపలి వీధి, మొదటి అంతస్తు. ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని చేసింది.

"ఒరేయ్ నాన్నా, మేం బాగానే ఉన్నాం, కంగారు పడకు. కింది వాటా వాళ్లు, పక్కింటి మామ్మగారు అందరూ మా ఇంట్లోనే ఉన్నారు. కానీ మా వీధిలోకి ఇంతవరకు ఒక్క పడవ రాలేదురా. తాగే నీళ్లు అయిపోయాయి. మామ్మగారికి నిన్న పొద్దుటి నుంచి ఇన్సులిన్ లేదు. ఆ సీసా కింద ఫ్రిజ్‌లో ఉండిపోయింది."

ఫ్లైఓవర్ నుంచి పిన్ని ఇంటికి మామూలు రోజుల్లో బండి మీద పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరంలో మా పొట్లం ఒక్కటి కూడా లోపలికి పోలేదు.

అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. చుట్టూ వరద ఉన్నప్పుడు, పడవలు పది, ఇళ్లు వేలు ఉన్నప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలి? దీనికి జవాబు మంచి మనసు నుంచి రాదు. మా అందరికీ మంచి మనసే ఉంది. జవాబు ముందే ఆలోచించి పెట్టుకుంటే తప్ప, నీళ్ల అంచున నిలబడ్డాక తట్టదు.

ఆ రోజుల సంగతి విజయవాడ బయటి వాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఆగస్టు 31న మొదలైన వానకు బుడమేరు వాగు పొంగింది. ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి ఆదివారం, అంటే సెప్టెంబరు 1న, నీళ్లు ఊళ్లోకి వచ్చేశాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక, పాయకాపురం, అన్నీ మునిగాయి. అదే సమయంలో కృష్ణ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో వెళ్తోంది. బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదు. నది అంత ఎత్తున ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు అందులో కలవడానికే దారి లేదు. అందుకే వచ్చిన నీళ్లు పోలేదు. మూడో గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది, అదీ సైన్యం వచ్చి చేయి వేశాక. అన్ని రోజుల పాటు లక్షల మంది డాబాల మీద, పై అంతస్తుల్లో ఉండిపోయారు.

ఫ్లైఓవర్ దగ్గర తిండికి కొరత లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఊరు ఊరంతా వండింది. గుళ్లు, మసీదులు, చర్చిలు, కాలేజీ పిల్లలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, పక్క జిల్లాల నుంచి లారీలు, ప్రభుత్వం తరఫున లక్షల పొట్లాలు. ఇన్ని వచ్చి ఆగింది మాత్రం ఎక్కడ? బండి చక్రం ఆగిన చోట. మంగళవారం నాటికి ఫ్లైఓవర్ పక్కన తడిసి పాడైపోయిన పొట్లాలు గుట్టలుగా పడి ఉండటం కళ్లారా చూశాను. అదే గంటలో లోపలి వీధుల్లో నీళ్ల సీసా ఒకటి ఇద్దరు పిల్లలకు పంచుతున్నారు.

కొరత అంటే మనం సరుకు చాలకపోవడం అనుకుంటాం. అక్కడ చాలనిది పడవలు, వాటిని నడిపే మనుషులు, పగటి వెలుతురు. పొట్లం ఉంది, పడవ లేదు. పడవ ఉన్నా చీకటి పడితే కరెంటు తీగలు, మునిగిన కార్లు, మూత లేని మ్యాన్‌హోళ్లు ఉన్న వీధిలోకి ఎవరూ వెళ్లలేరు. కాబట్టి పంచాల్సింది పడవ వెళ్లే ఒక్కో విడతను, ఒక్కో గంటను. దాన్ని మేం లెక్కలోకే తీసుకోలేదు.

ఒక కుర్రాడి సంగతి ఇక్కడ చెప్పాలి. మొదటి రోజు ఒకే కుర్రాడు రెండోసారి వచ్చి ఎనిమిది పొట్లాలు అడిగితే నేను విసుక్కున్నాను. "ఒకడివే అన్ని తీసుకుంటే ఎలా తమ్ముడూ?" అన్నాను. వాడు ఏమీ అనలేదు, ఇచ్చినవే రెండు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది, వాళ్ల వీధిలో ఈత వచ్చినవాడు వాడొక్కడే. ఎనిమిది ఇళ్లకు వాడే మోసుకెళ్తున్నాడు. మనిషికి ఒకటి అని నేను పెట్టిన లెక్క న్యాయంగానే కనిపించింది, ఆ ఆరు ఇళ్లలో ఆ పూట అన్నం లేకుండా చేసింది. నేనప్పుడు వాడి వీధి పేరు అడిగి ఇంకో ఇరవై ఇచ్చి ఉండాల్సింది.

మంగళవారం ఒక మత్స్యకారుల పడవలో చోటు దొరికింది. సముద్రపు ఒడ్డు నుంచి లారీ మీద తెచ్చిన పడవ. నాతో పాటు ఇంకో స్నేహితుడు, పడవాయన, ఆయన తమ్ముడు. సామాను నాలుగైదు వందల కిలోలకు మించి వెయ్యొద్దన్నాడు పడవాయన. మేం మళ్లీ అన్నం పొట్లాలే ఎత్తబోతుంటే ఆయనే ఆపాడు. "బాబూ, నీళ్లు ఎక్కించండి. నిన్న లోపల అందరూ నీళ్లే అడిగారు."

ఆ మాటతో నేను వేసుకున్న లెక్క ఇది. పొట్లం బరువు మూడొందల గ్రాములు. నాలుగొందల కిలోల పడవలో పదమూడు వందల పొట్లాలు పడతాయి. అదే నాలుగొందల కిలోలకు నాలుగొందల లీటర్ల నీళ్లు. విపత్తు సాయంలో ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాలు అని ఉన్నాయి. వాటి ప్రకారం మనిషికి అన్ని అవసరాలకూ కలిపి రోజుకు 15 లీటర్లు కావాలి. కేవలం తాగడానికీ తిండికీ అయినా 2.5 నుంచి 3 లీటర్లు ఉండాలి. తక్కువలో తక్కువ వేసుకున్నా మా పడవ నీళ్లు 160 మందికి, అదీ ఒక్క రోజుకు. పదమూడు వందల మందికి పెట్టామని చెప్పుకోవచ్చు, లేదా నూట అరవై మందికి ఇచ్చామని చెప్పుకోవచ్చు. మొదటి అంకె పెద్దదిగా కనిపిస్తుంది. కానీ రెండు రోజులు అన్నం లేకపోతే మనిషి నీరసపడతాడు. ఆ ఉక్కలో, ఆ మురికి మధ్య, రెండు రోజులు నీళ్లు లేకపోతే చంటిపిల్లలూ ముసలివాళ్లూ తట్టుకోలేరు. నీళ్లు బరువు కాబట్టే అందరూ వదిలేసి అన్నం తీసుకెళ్తున్నారని నాకు అప్పుడు అర్థమైంది.

నీళ్ల సీసాలు, కొన్ని పాల ప్యాకెట్లు, మామ్మగారి ఇన్సులిన్, ఇంకో నలుగురికి ఫోన్‌లో చెప్పిన మందులు తీసుకుని బయల్దేరాం.

మొదటి వీధి మలుపు తిరగగానే రెండు వైపులా మేడల మీద నుంచి కేకలు. "అన్నా, ఇటు! ఇటు రండన్నా!" చీరలు, చున్నీలు కలిపి ముడేసి వాటికి బక్కెట్లు కట్టి కిందికి వదులుతున్నారు. పడవాయన ఆపబోతే నేను వద్దన్నాను. ఇక్కడికి నిన్నా ఇవాళా పడవలు వచ్చాయని తెలుసు. ఇక్కడ ఆగితే పిన్ని వాళ్ల వీధి దాకా ఏమీ మిగలదు. ముందు రోజు వెళ్లిన ప్రతి పడవకూ అదే జరిగింది. మొదటి కేక దగ్గర ఆగింది, రెండో వీధిలో ఖాళీ అయింది, వెనక్కి తిరిగింది.

ఒక మొదటి అంతస్తు బాల్కనీలో ఒకావిడ చంకలో పిల్లతో నిలబడి ఉంది. అరవలేదు. పడవ దగ్గరికి వచ్చేదాకా చూసి, "పాలు ఉన్నాయా అన్నా?" అని అడిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఇస్తామమ్మా అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు మా దగ్గర పాలు లేవు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది. నేను తల ఎత్తలేకపోయాను.

చివరి వీధి నుంచి మొదలుపెట్టాలని వాదిస్తున్న నేను ఈ సంగతి దాచకూడదు. ఒక వరస ఎంచుకోవడమంటే కొందరిని దాటి వెళ్లడమే. ఆ ముఖాలు గుర్తుండిపోతాయి. కానీ మొదటి చేతిలో పెట్టేసి వచ్చినా దాటడం తప్పదు. అప్పుడు మనం దాటింది ఎవరినో మనకు కనిపించదు, అంతే. పిన్ని వాళ్ల వీధిలో మామ్మగారు అరవలేదు. ఆవిడకు అరిచే ఓపిక లేదు. మేం వెళ్లేసరికి మంచం మీద మగతగా ఉన్నారు. పిన్ని సీసా చేతిలోకి తీసుకుని ఏడ్చింది. ఆ పక్కనే ఇంకో ఇంట్లో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే పెద్దాయన ఉన్నారని అప్పుడు చెప్పారు. ఆయనకు సోమవారం వెళ్లాల్సింది తప్పిపోయింది. ఇక సామాను సంగతి వదిలేసి ఆయన్ని, ఆయన భార్యను పడవలో కూర్చోబెట్టుకుని వెనక్కి వచ్చాం. ఒక విడత అంతా ఇద్దరు మనుషుల కోసం. ఎవరైనా లెక్క అడిగితే చెప్పడానికి తక్కువగా ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో మేం చేసిన సరైన పని అదొక్కటేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన సంగతి మాకు ముందే ఎందుకు తెలియలేదు? ఈ ప్రశ్నకు వచ్చేసరికి నాకు నిద్ర పట్టదు. ఎందుకంటే తెలిసే ఉంది. మన దగ్గర ప్రతి నెలా ఇంటింటికీ వెళ్లి ఎన్టీఆర్ భరోసా పింఛను ఇస్తారు. వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, డయాలసిస్ రోగులకు 10,000, మంచానికే పరిమితమైనవారికి 15,000. సెప్టెంబరు 1 ఆదివారం కావడంతో ఆ నెల పింఛన్లు ఆగస్టు 31నే ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే నీళ్లు వచ్చే ముందురోజే. లేవలేని మనిషి ఏ వీధిలో, ఏ ఇంట్లో, ఏ అంతస్తులో ఉన్నాడో చెప్పే జాబితా ఊరు మునిగే ముందురోజు ఎవరెవరి చేతుల్లోనో ఉంది. గర్భిణుల జాబితా, ఎవరికి ఏ తేదీకి నొప్పులు రావచ్చో అదీ, ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంల దగ్గర ఉంటుంది. చంటిపిల్లల జాబితా అంగన్‌వాడీలో. పడవ ఎక్కుతున్న మా చేతిలో మాత్రం ఏ కాగితమూ లేదు. కేకలను బట్టి వెళ్లాం.

పింఛనులో ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు ఎక్కువ అనే పద్ధతిని మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. మంచం మీద ఉన్న మనిషికి పదిహేను వేలు ఇస్తే పక్కింటి ముసలాయన నాకు నాలుగు వేలేనా అని గొడవపడటం నేను చూడలేదు. మరి పడవ విషయంలో అందరికీ సమానంగా, ముందు వచ్చినవాళ్లకు ముందు అని ఎందుకు అనుకుంటాం? వరదలో ముందు వచ్చేవాడు కాళ్లు బాగున్నవాడు, ఈత వచ్చినవాడు, రోడ్డు పక్క ఇల్లున్నవాడు. వాళ్లకూ ఆకలేస్తుంది, కాదనను. కానీ ఆ పద్ధతి పెట్టుకుంటే అందరికంటే ఎక్కువ ఆపదలో ఉన్నవాళ్లు వరసలో చివర నిలబడతారు, ప్రతిసారీ.

ఇది విజయవాడతో మొదలైంది కాదు. మా అమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి అమ్మ ఇప్పటికీ చెప్తుంది, రోడ్డు పక్క ఊళ్లలో సాయం వచ్చిన బట్టల మూటలు విప్పకుండా పడి ఉంటే, లోపలి లంకల్లో వాళ్లు రోజుల తరబడి తడి బట్టలతోనే ఉన్నారని.

డ్రోన్ల గురించి కూడా ఒక మాట. ఆ వరదలో డ్రోన్లతో ఆహారం పంపడం అందరూ చూశారు. నేనూ సంతోషించాను. కానీ ఒక డ్రోన్ మోసేది కొద్ది కిలోలే. దానితో పులిహోర పంపితే ఒక డాబాకు ఒక పూట గడుస్తుంది. దానితోనే మందులు పంపితే, అదీ పేరు, ఇల్లు తెలిసి పంపితే, పడవ మూడు గంటలు కష్టపడి చేసే పని నిమిషాల్లో అయిపోతుంది. తేలికైనదీ అత్యవసరమైనదీ గాలిలో, బరువైనదీ అందరికీ కావలసిందీ నీళ్ల మీద. పంపే ముందు ఎవరికన్నది తెలియాలి, మళ్లీ జాబితా దగ్గరికే వస్తాం.

నేను చెప్పేది వీధుల స్థాయి సంగతి. పైన ఇంకా కష్టమైన ఎంపికలు జరిగాయి. అదే ఆదివారం ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయి పగలంతా హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు. వాతావరణం బాగాలేక అది రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణానికి తెగించి వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. ఒకే రోజు రెండు రాష్ట్రాలు మునిగితే పడవలు, బృందాలు, హెలికాప్టర్లు ఎటు పంపాలో తేల్చే మనిషి కష్టం నేను ఊహించగలను. అందుకే మొదటి రెండు రోజులు దగ్గర్లో ఉన్నవాళ్లే దిక్కు అవుతారు. వాళ్ల చేతిలో కాగితం ఉండాలన్నదే నా మాట.

నీళ్లు తగ్గాక ఇంకో రకం పంపకం మొదలైంది. ఇక్కడ నా వాదన తిరగబడుతుంది, జాగ్రత్తగా చెప్పాలి.

కుటుంబానికి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, కిలో పంచదార, రెండేసి కిలోల ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చారు. తర్వాత నష్టపరిహారం ప్రకటించారు. మునిగిన ఇళ్లలో కింది అంతస్తు వాళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000. ఈ నియమం నాకు నచ్చింది. పై అంతస్తు వాళ్ల ఇల్లు మునగకపోయినా పది రోజులు పని పోయింది, బండి పోయింది, కాబట్టి వాళ్లకూ కొంత. కింద ఉన్నవాళ్లకు అన్నీ పోయాయి, కాబట్టి ఎక్కువ. గోడ మీద నీటి గీత అందరికీ కనిపిస్తుంది. నువ్వు కింద ఉన్నావా పైన ఉన్నావా అన్నదానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నువ్వు ఇక్కడే ఉన్నావని ఏమిటి రుజువు అని అడిగిన చోట. పిన్ని వాళ్ల కింది వాటాలో అద్దెకు ఉండేది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆయన తాపీ పని, ఆవిడ నాలుగిళ్లలో పని చేస్తుంది. టీవీ, ఫ్రిజ్, పరుపులు, పిల్లల పుస్తకాలు, అన్నీ బురదలో కలిసిపోయాయి. ఇంట్లో ఉండే వీలు లేక పిల్లల్ని తీసుకుని ఊరికి వెళ్లారు. సర్వే వాళ్లు వచ్చిన రోజు తలుపుకు తాళం ఉంది. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంది. పేరు ఎక్కలేదు. తిరిగి వచ్చాక దరఖాస్తు పెట్టారు, మళ్లీ పెట్టారు. ఆయన తిరిగిన ప్రతి రోజూ కూలీ పోయింది. అర్జీ పట్టుకుని వరసలో నిలబడ్డ ఆయన్ని నేనే ఒకరోజు బండి మీద తీసుకెళ్లాను. "ఇల్లు మునిగిందని మేం అబద్ధం చెప్తామా బాబూ" అన్నాడు దారిలో, అంతకుమించి ఏమీ అనలేదు.

అనర్హులు కూడా తీసుకుంటారు, ప్రజల సొమ్ము కదా అని అడగొచ్చు. తీసుకుంటారు, నిజమే. ఒకే ఇంట్లో రెండు కుటుంబాలమని చెప్పినవాళ్లు, అద్దె మనిషి డబ్బు తమకే రావాలన్న ఇంటివాళ్లు నాకూ తెలుసు. కానీ రెండు పొరపాట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కర్లేనివాడికి పాతికవేలు వెళ్తే ఖజానాకు పాతికవేలు నష్టం. కావలసినవాడికి అందకపోతే వాడు అప్పు తెస్తాడు, నెలనెలా వడ్డీ కడతాడు, పిల్ల బడి మానేస్తుంది. ఖజానా పొరపాటు తర్వాతైనా సర్దుకోవచ్చు. వీధి మొత్తం మునిగినప్పుడు ఆ వీధిలో అద్దెకున్నవాళ్లతో సహా అందరికీ ఇచ్చేసి, అనుమానం ఉన్నవి తర్వాత చూసుకోవాలి.

మనం చేసింది తలకిందులుగా ఉంది. ఎవరికి ముందు అని చూసుకోవలసిన మొదటి మూడు రోజులు చేతికందిన వాళ్లకల్లా ఇచ్చేశాం. చూడకుండా ఇవ్వవలసిన తర్వాతి నెల రోజులు ఒక్కొక్కరి కాగితాలూ తిరగేశాం. ఈ మాట నేను నాతో కలిపే అంటున్నాను. మేం స్నేహితులం కూడా తర్వాత వంట సామాను పంచినప్పుడు ఆధార్ నకలు అడిగాం. అందరూ అడుగుతున్నారని అడిగాం. ఆ నకళ్లు దేనికీ వాడలేదు.

ఆ డిసెంబరులో నేనూ పిన్నీ కూర్చుని ఒక రెండొందల పేజీల నోట్‌బుక్‌లో వాళ్ల వీధి, ఆ వెనక రెండు వీధులు రాసుకున్నాం. వరస చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాం. ఇల్లు, అంతస్తు, ఎంతమంది, నడవలేనివాళ్లు ఎవరు, ఏ మందు ఆగకూడదు, ఎవరికి ఈత వచ్చు, ఎవరి డాబాకు మెట్లు బయటి నుంచి ఉన్నాయి. మొదట కొందరు చెప్పడానికి ఇష్టపడలేదు. రోగం పేరు ఎందుకు రాయడం అన్నారు. పేరు రాయలేదు, మందు ఎన్ని రోజులకు ఉందో మాత్రం రాశాం. పిన్ని అడిగితే చెప్పారు, నేనడిగితే చెప్పేవాళ్లు కాదు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటుతుందని చెప్పారు. ముందురోజు సాయంత్రం నోట్‌బుక్ తీసుకుని పిన్ని ఇంట్లో కూర్చుని చివరి ఇంటి నుంచి ఫోన్లు చేశాను. మామ్మగారు ఎత్తారు. ఇన్సులిన్ ఇరవై రోజులకు ఉందన్నారు, కింద తన ఫ్రిజ్‌లో కాదు, పైన పిన్ని ఇంట్లో పెట్టానన్నారు. డయాలసిస్ పెద్దాయన ముందే ఆసుపత్రి దగ్గర కొడుకు ఇంటికి వెళ్లిపోయారు. మూడు నంబర్లు కలవలేదు. వెళ్లి చూస్తే రెండిళ్లలో కొత్తవాళ్లు దిగారు, ఒకటి తాళం. పది నెలల్లోనే పుస్తకం పాతబడిపోయింది. కొత్తగా దిగిన ఇంట్లో ఒకమ్మాయి తలుపు తీసింది. తొమ్మిదో నెల. భర్త డ్యూటీకి వెళ్లాడట, ఊళ్లో ఇంకెవరూ తెలియదట. బయట చినుకులు మొదలయ్యాయి. పిన్ని ఆ అమ్మాయిని బట్టలు సర్దుకోమని చెప్తుంటే నేను గుమ్మంలో నిలబడి పుస్తకంలో ఆ ఇంటి పాత పేరు కొట్టేసి, కొత్తది రాసుకున్నాను.